డ్యూయల్ జోన్ ఏసీ: ఒకవైపు వేడిగాలి, ఇంకోవైపు చల్లగాలి. డ్యాష్‌బోర్డు విప్పకముందే ఏమేం చూడాలి?

గుండ్లకమ్మ (ఒంగోలు)

అందరికీ నమస్కారం. నాది 2017 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. డ్యూయల్ జోన్ క్లైమేట్ కంట్రోల్ ఉంది. డ్రైవర్ వైపు ఒక టెంపరేచర్, పక్క సీటు వైపు ఇంకో టెంపరేచర్ పెట్టుకోవచ్చు. ఒంగోలులో మనకు హీటర్‌తో పనేముంది, ఏడాది పొడవునా ఏసీనే. ఆ ఏసీ బాగానే పనిచేస్తోంది, రెండువైపులా చల్లగానే వస్తుంది.

డిసెంబర్‌లో ఇంట్లోవాళ్లతో లంబసింగి వెళ్లాం. తెల్లవారుజామున ఘాట్ ఎక్కుతూ హీటర్ వేస్తే, నాన్న కూర్చున్న ఎడమవైపు మంచి వేడిగాలి. నా వైపు మాత్రం గోరువెచ్చగా మొదలై, బండి నెమ్మదించిన చోటల్లా చల్లబడిపోయింది. రెండువైపులా 26 పెట్టినా అంతే, నా వైపు 30కి పెంచినా అంతే. ఆయనేమో ‘తగ్గించరా, ఉక్కపోస్తోంది’ అంటారు, నాకేమో వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

తిరిగొచ్చాక ఒక వర్క్‌షాప్‌లో చూపించాను. ‘రెండు యాక్చువేటర్లూ (లోపల గాలి తలుపుల్ని తిప్పే చిన్న మోటార్లు) పోయాయి, డ్యాష్‌బోర్డు మొత్తం దించాలి, 38 వేలవుతుంది’ అన్నారు. స్కానర్ పెట్టలేదు, బానెట్ కూడా ఎత్తలేదు. డబ్బు సంగతి అలా ఉంచితే, ఒకసారి డ్యాష్‌బోర్డు దించిన బండి మళ్లీ మునుపట్లా బిగుతుగా కూర్చోదని నా టెన్షన్. ఈ పని చేసినవాళ్లు, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. విప్పించే ముందు నేనే చూసుకోగలిగినవి ఏమైనా ఉన్నాయా?

మైపాడు_అల (నెల్లూరు)

బ్రదర్, ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ పది నిమిషాలు తీసి పెట్టండి. మా బావ బండికి అలాగే సరిపోయింది. అలాగే సింక్ బటన్ (రెండువైపులా ఒకే టెంపరేచర్ పెట్టేది) ఆన్‌లో ఉందో లేదో చూడండి. పిల్లలు నొక్కేస్తుంటారు.

రెంచి_నెల్లూరు (నెల్లూరు)

బ్యాటరీ తీయడం తప్పు కాదు. చాలా బండ్లలో పవర్ పోయి వచ్చాక యాక్చువేటర్లు తమ రెండు చివరలు ఎక్కడున్నాయో మళ్లీ వెతుక్కుంటాయి. లెక్క తప్పిన యాక్చువేటర్ అయితే దానితో దారిలో పడుతుంది. కానీ జబ్బేమిటో తెలియకముందే మందు వేయడం నాకు నచ్చదు. నేను కార్ ఏసీ పనే చేస్తాను. ముందు లోపల ఏముందో చెప్తాను, అది తెలిస్తే సగం అనుమానాలు మీకే తీరిపోతాయి.

డ్యూయల్ జోన్ అనగానే లోపల రెండు ఏసీలు, రెండు హీటర్లు ఉంటాయని అనుకుంటారు. మామూలుగా అలా ఉండదు. ఫ్యాన్ ఒకటే, చల్లబరిచే కాయిల్ ఒకటే, వేడిచేసే హీటర్ కోర్ ఒకటే. గాలి అంతా ముందు చల్లని కాయిల్‌లోంచి వస్తుంది. అక్కడి నుంచి ఎడమవైపుకి ఒక తలుపు, కుడివైపుకి ఒక తలుపు. ఒక్కో తలుపు, తన వైపు గాలిలో ఎంత భాగం హీటర్ కోర్ మీదుగా వెళ్లాలి, ఎంత పక్కనుంచి పోవాలి అని పంచుతుంది. వీటినే బ్లెండ్ డోర్లు అంటాం. వాటిని తిప్పే చిన్న మోటార్లే యాక్చువేటర్లు.

అందుకని రెండువైపులా తేడా వచ్చిందంటే మూడు దారులు. తలుపు సరిగా కదలకపోవడం. హీటర్ కోర్ అంతటా సమానంగా వేడెక్కకపోవడం. చల్లని కాయిల్ అంతటా సమానంగా చల్లబడకపోవడం. వీటిని విడదీయడానికి ఏదీ విప్పక్కర్లేదు, ఒక థర్మామీటర్ చాలు.

ఇంజిన్ బాగా వేడెక్కాక, ఏసీ ఆన్ చేసి రెండువైపులా ‘లో’ పెట్టండి. 16, 18 కాదు, అంతకంటే కిందికి తిప్పితే వచ్చే ‘లో’. అప్పుడు కంప్యూటర్ ఇంకే సెన్సార్ లెక్కా చూసుకోకుండా తలుపుల్ని పూర్తిగా చల్లని చివరకి తోసేస్తుంది. ఎడమ, కుడి వెంట్లలో ఎంతుందో రాసుకోండి. తర్వాత ఏసీ ఆపి, రెండువైపులా ‘హై’ పెట్టి మళ్లీ రాసుకోండి.

‘లో’లో సమానం, ‘హై’లో తేడా ఉంటే ఇంజిన్ నీళ్ల వైపు, హీటర్ కోర్ వైపు చూడాలి. ‘లో’లో తేడా, ‘హై’లో సమానం ఉంటే గ్యాస్ వైపు చూడాలి. మీరు ఏం పెట్టినా ఒకవైపు ఒకే రకం గాలి వస్తుంటే అప్పుడు యాక్చువేటర్, తలుపు. ఇందులో ఒక చిన్న మెలిక ఉంది, మీ అంకెలు వచ్చాక చెప్తాను.

కావలి_సర్క్యూట్ (కావలి)

రెంచి గారి టెస్టుకి కొన్ని జాగ్రత్తలు చేరుస్తాను, లేకపోతే అంకెలు మోసం చేస్తాయి.

థర్మామీటర్ అంటే జ్వరం చూసే గన్ లాంటిది కాదు. ఇన్‌ఫ్రారెడ్ గన్ వెంట్ ప్లాస్టిక్ ఎంత వేడిగా ఉందో చెబుతుంది, గాలి సంగతి చెప్పదు. సన్నని సూది ఉండే డిజిటల్ ప్రోబ్ థర్మామీటర్ కొనండి, వంటకు వాడేదైనా సరే. సూదిని వెంట్‌లోకి రెండంగుళాలు పెట్టి, అంకె కదలడం ఆగేదాకా ఉంచండి.

‘హై’ పెట్టగానే ఆటోలో గాలి కాళ్ల దగ్గరికి వెళ్లిపోతుంది. మోడ్ బటన్‌తో ముఖం వైపుకి మార్చాకే కొలవండి. ఫ్యాన్ రెండుసార్లూ ఒకే స్పీడ్‌లో ఉండాలి. నడిమి రెండు వెంట్లు ఒకదానితో ఒకటి, చివరి రెండు వెంట్లు ఒకదానితో ఒకటి పోల్చండి. చివరివాటికి డక్టు పొడవు, అవి ఎప్పుడూ నడిమివాటి కంటే కొంచెం తేడాగానే ఉంటాయి.

బండి నీడలో ఉండాలి. డ్యాష్‌బోర్డు మీద అద్దం దగ్గర చిన్న నల్ల బొడిపె ఉంటుంది చూడండి, అది సన్ సెన్సార్. చాలా డ్యూయల్ జోన్ బండ్లలో అది ఎండ ఏ పక్కనుంచి పడుతోందో కూడా పసిగట్టి, ఆటో మోడ్‌లో ఆ పక్కకు ఎక్కువ చల్లదనం పంపుతుంది. పొద్దున్నే నెల్లూరు నుంచి ఒంగోలుకు హైవే మీద వెళ్తే సూర్యుడు కుడివైపు, డ్రైవర్ మీద ఉంటాడు. సాయంత్రం అదే దిక్కున వెళ్తే ఎడమవైపు. ‘పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా వస్తోంది’ అని బండి చూపించుకోవడానికి వచ్చేవాళ్లలో కొందరికి అసలు రిపేరే ఉండదు, సెన్సార్ తన పని తను చేస్తుంటుంది. ఆ బొడిపె మీద దేవుడి బొమ్మ పెట్టినా, డ్యాష్‌బోర్డు మ్యాట్ కప్పినా దానికి ఎండే తెలియదు. బొమ్మను ఒక జానెడు పక్కకు జరిపితే సరిపోతుంది.

వేదాయపాళెం_లెక్చరర్ (నెల్లూరు)

గుండ్లకమ్మ గారూ, మీ థ్రెడ్‌లో దూరుతున్నందుకు ఏమనుకోకండి, నాదీ ఇదే గొడవ, కాకపోతే చలువ వైపు. పక్క సీటు దగ్గర బాగా చల్లగా, నా దగ్గర ఊరికే గాలి. ఏసీ వాళ్లు ఇంజిన్ ఆపి మీటర్ పెట్టి ‘ప్రెషర్ 100 ఉంది మేడమ్, గ్యాస్ ఫుల్’ అన్నారు. మరి తేడా ఎందుకొస్తుందంటే వాళ్ల దగ్గర జవాబు లేదు. నేను కూడా ఆ టెస్టు చేసి అంకెలు పెట్టనా?

గుండ్లకమ్మ (ఒంగోలు)

తప్పకుండా పెట్టండి మేడమ్, రెండూ పక్కపక్కన ఉంటే అందరికీ ఉపయోగం.

నా అంకెలు ఇవి. వేపచెట్టు నీడలో, ఫ్యాన్ మధ్య స్పీడ్‌లో, నడిమి వెంట్ల దగ్గర.

‘లో’: ఎడమ 8, కుడి 8.
‘హై’, ఐడిల్‌లో: ఎడమ 58, కుడి 34.
‘హై’, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కి 2,000 ఆర్‌పీఎం దగ్గర ఉంచితే: ఎడమ 60, కుడి 46. వదిలేయగానే కుడివైపు మళ్లీ పడిపోతోంది.

బానెట్ ఎత్తితే కూలెంట్ డబ్బాలో నీళ్లు మినిమమ్ గీత కంటే కింద ఉన్నాయి. రంగు ఆకుపచ్చా కాదు, గులాబీ కాదు, బురద నీళ్లలా ఉంది. టార్చ్ వేసి చూస్తే డబ్బా గోడలకు గోధుమరంగు పొర.

రెంచి_నెల్లూరు (నెల్లూరు)

తమ్ముడూ, ఆ 38 వేలు జేబులోనే ఉంచు.

మెలిక ఒకటుందన్నాను కదా, అది ఇదే. ‘లో’లో సమానంగా ఉన్నంత మాత్రాన తలుపు బాగున్నట్టు కాదు. చల్లని చివరకి సరిగా వెళ్లి, వేడి చివరకి వెళ్లకుండా సగంలో ఆగే తలుపు కూడా ఇవే అంకెలు చూపిస్తుంది. కానీ నీ మూడో కొలత ఆ అనుమానం చాలావరకు తీసేసింది. ఆర్‌పీఎం పెంచితే కుడివైపు 34 నుంచి 46కి పెరిగింది. తలుపుకి ఇంజిన్ వేగంతో సంబంధం లేదు. ఇంజిన్ వేగంతో పెరిగేది వాటర్ పంపు తోసే నీళ్లు. అంటే నీ హీటర్ కోర్‌లో నీళ్లు సరిగా తిరగట్లేదు.

ఇంజిన్‌లో కాగిన నీళ్లు ఒక పైపులోంచి హీటర్ కోర్‌లోకి వెళ్లి, సన్నని గొట్టాల్లో తిరిగి, ఇంకో పైపులోంచి వెనక్కి వస్తాయి. నీళ్లు తగ్గినా, లోపల గాలి చిక్కుకున్నా, గొట్టాల్లో మడ్డి పట్టినా, వచ్చే కొద్దిపాటి వేడినీళ్లు ముందున్న భాగాన్ని వేడిచేసి చల్లారిపోతాయి. సాగర్ కాలువలో నీళ్లు తక్కువ వదిలినప్పుడు చివరి ఆయకట్టు ఎండినట్టు, కోర్‌లో దూరంగా ఉన్న సగానికి వేడి అందదు. మామూలు ఏసీ ఉన్న బండిలో ఈ గాలంతా కలిసిపోయి ‘హీటర్ కొంచెం తక్కువగా ఉందే’ అనిపిస్తుంది, అంతే. డ్యూయల్ జోన్‌లో ఎడమ గాలి, కుడి గాలి మధ్య గోడ ఉంటుంది కాబట్టి అది ఒక పక్క జబ్బులా బయటపడుతుంది.

ఇంకో పరీక్ష చెయ్యి. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉన్న రేకు గోడలోకి పక్కపక్కనే రెండు రబ్బరు పైపులు వెళ్తాయి. వాటికి మాత్రం ఇన్‌ఫ్రారెడ్ గన్ పనికొస్తుంది. ‘హై’ పెట్టి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక రెండింటినీ చూడు. చేత్తో పట్టుకోవద్దు, ఫ్యాన్ బెల్టు దగ్గరికి చెయ్యి పోనివ్వద్దు. రెండూ వేడిగా ఉండి కొద్దిపాటి తేడా ఉంటే కోర్ బాగున్నట్టు, అప్పుడు తలుపు సంగతి చూద్దాం. ఒకటి కాలుతూ రెండోది గోరువెచ్చగా ఉంటే కోర్‌లోనే అడ్డం ఉన్నట్టు.

వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత గానీ, కూలెంట్ డబ్బా మూత గానీ తీయొద్దు. లోపల ప్రెషర్ మీద ఉన్న నీళ్లు మూత తీయగానే ఒక్కసారి ఆవిరై ముఖం మీదికి చిమ్ముతాయి. అలా కాలినవాళ్లను నా కళ్లతో చూశాను.

కావలి_సర్క్యూట్ (కావలి)

రెంచి గారితో ఏకీభవిస్తాను, అయినా యాక్చువేటర్‌ని కళ్లతో చూసి అనుమానం తీర్చుకోవడం మంచిది, ఖర్చు లేని పని కదా. గ్లవ్ బాక్స్ తీస్తే ఎడమది చాలా బండ్లలో కనపడుతుంది. కుడిది యాక్సిలరేటర్ పెడల్ పైన, నడిమి భాగం పక్కన ఉంటుంది, తల కిందికి పెట్టి టార్చ్ వేయాలి. ఇంకొకరిని కూర్చోబెట్టి నాబ్ ‘లో’ నుంచి ‘హై’కి, మళ్లీ ‘లో’కి తిప్పించండి. ఇరుసు ఆగకుండా ఆ చివర నుంచి ఈ చివరకి తిరగాలి. టక్ టక్ టక్ మని చప్పుడు వచ్చి ఇరుసు అక్కడక్కడే ఊగుతుంటే లోపలి ప్లాస్టిక్ పళ్లచక్రం విరిగినట్టు.

స్కానర్ సంగతి కూడా చెప్తాను. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిపే చవక ఓబీడీ పరికరాలు (బండి కంప్యూటర్‌ని చదివేవి) ఎక్కువగా ఇంజిన్ లోపాల కోడ్‌లే చదువుతాయి. ఏసీ మాడ్యూల్‌లో ఉండే కోడ్‌లు వాటికి అందవు. ‘ఏ కోడూ లేదు’ అని అది చెప్పిందంటే యాక్చువేటర్ బాగుందని కాదు. అయినా దానితో ఒక పని అవుతుంది, కూలెంట్ టెంపరేచర్ చూడొచ్చు. హైవే మీద వెళ్తుంటే 85, 90 దగ్గర నిలబడాలి. 65, 70 దాటకపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయినట్టు. అయితే దానివల్ల రెండువైపులా వేడి తగ్గుతుంది, ఒకవైపే కాదు.

వేదాయపాళెం_లెక్చరర్ (నెల్లూరు)

నావి: ‘లో’లో ఎడమ 7, కుడి 15. ‘హై’లో ఎడమ 56, కుడి 55. బయట 33 డిగ్రీలు.

రెంచి_నెల్లూరు (నెల్లూరు)

మేడమ్, మీది గ్యాస్ తక్కువ. దాదాపు ఖాయంగా చెప్పొచ్చు.

‘హై’లో సమానం కాబట్టి హీటర్ వైపు ఏ దోషం లేదు. చల్లని కాయిల్‌లోకి గ్యాస్ ద్రవంగా వచ్చి, అక్కడ మరిగి ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. ద్రవం ఎంత దూరం ఉంటే అంత దూరమే చల్లదనం. గ్యాస్ తగ్గితే కాయిల్ మొదటి భాగంలోనే అంతా ఆవిరైపోతుంది, మిగతా భాగం ఉత్త రేకు. గాలి ఆ ఉత్త భాగంలోంచి వచ్చే పక్క 15 డిగ్రీలు, ఇంకో పక్క 7.

ఇక ఇంజిన్ ఆపి ప్రెషర్ చూసి గ్యాస్ ఫుల్ అనడం గురించి. ఇది మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు, దీనివల్ల ఎంతోమంది డబ్బులు పోగొట్టుకుంటున్నారు. ఆర్-134ఏ గ్యాస్ 30 డిగ్రీల దగ్గర ఆగి ఉన్నప్పుడు దాని ప్రెషర్ సుమారు 97 పీఎస్ఐ, 35 డిగ్రీల దగ్గర సుమారు 114. లోపల నిండుగా ఉన్నా అంతే, సగమే ఉన్నా అంతే. ద్రవం కాస్తయినా మిగిలి ఉన్నంతకాలం ఆ అంకె వాతావరణం ఎంత వేడిగా ఉందో చెబుతుంది, గ్యాస్ ఎంత ఉందో చెప్పదు.

సరైన పద్ధతి ఒకటే. ఉన్న గ్యాస్‌ని మెషిన్‌తో బయటికి లాగి తూకం వేయాలి. బానెట్ కింద స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. ఆ రెండు అంకెల తేడాయే మీ లీకేజీ. తర్వాత లీకు వెతికి, బాగుచేసి, కనీసం అరగంట వాక్యూమ్ పెట్టి, స్టిక్కర్ ప్రకారం తూచి నింపాలి. ‘కొంచెం ఎక్కువ వేద్దాం, చల్లగా వస్తుంది’ అంటే ఒప్పుకోవద్దు. ఎక్కువైతే కూలింగ్ తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం. కొత్త బండ్లలో కొన్నిటికి ఆర్-1234వైఎఫ్ అనే వేరే గ్యాస్ ఉంటుంది. స్టిక్కర్ చూడకుండా ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

మైపాడు_అల (నెల్లూరు)

మేడమ్, మీరు బీచ్ వైపు, రొయ్యల చెరువుల వైపు ఎక్కువ తిరుగుతారా? మా వైపు బండ్లకు ముందున్న కండెన్సర్ (ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) ఉప్పుగాలికి తొందరగా పోతుంది. అల్యూమినియం రేకులు వేలితో రుద్దితే పొడిగా రాలిపోతాయి. బంపర్ జాలీలోంచి కింది మూలలు చూడండి. నూనె మరక, దానికి దుమ్ము అంటుకుని కనపడితే అక్కడే లీకు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా కొంచెం బయటికి వస్తుంది.

వేదాయపాళెం_లెక్చరర్ (నెల్లూరు)

మా కాలేజీకి వెళ్లేదే ముత్తుకూరు రోడ్డు మీదుగా. చూస్తాను. రెంచి గారూ, ప్రెషర్ విషయం అంత వివరంగా చెప్పినందుకు చాలా థ్యాంక్స్. ఫిజిక్స్ చెప్పేదాన్ని, సంతృప్త ఆవిరి పీడనం పాఠానికి ఇంత మంచి ఉదాహరణ మా పుస్తకాల్లో లేదు.

గుండ్లకమ్మ (ఒంగోలు)

రెండు పైపులూ చూశాను అన్నా. లోపలికి వెళ్లేది 82, బయటికి వచ్చేది 41. ఓబీడీలో కూలెంట్ 88 చూపిస్తోంది. మా తమ్ముడిని కూర్చోబెట్టి నాబ్ తిప్పించి యాక్చువేటర్లూ చూశాను. రెండూ ఆ చివర నుంచి ఈ చివరకి చక్కగా తిరుగుతున్నాయి, టకటక ఏమీ లేదు. కుడిదాని ఇరుసు మీద తెల్లటి గ్రీజు ఇంకా కొత్తగా మెరుస్తోంది.

ఇంకో సంగతి తెలిసింది. బండి అమ్మినాయన ఊరు కనిగిరి దగ్గర. ఫోన్ చేస్తే, కూలెంట్ తగ్గినప్పుడల్లా ఇంటి బోరు నీళ్లే పోసేవాళ్లమని ఆయనే చెప్పారు.

పలకల_ఊరు (మార్కాపురం)

అనుకున్నా. ఆ రంగు వినగానే బోరు నీళ్లే అనిపించింది. మా పడమటి ప్రాంతం నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. మనుషుల ఎముకలకు, పళ్లకు అది శత్రువు. బండికి మాత్రం అసలు శత్రువు నీటి కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. మా ఇళ్లలో గీజర్ కాయిల్ తీసి చూస్తే తెల్లటి పెచ్చు ఎంత మందాన ఉంటుందో చూడండి. ఆ పెచ్చే హీటర్ కోర్ గొట్టాల్లోనూ పడుతుంది, ఆ గొట్టాలేమో చాలా సన్నం. పైగా కూలెంట్‌లో తుప్పు పట్టకుండా ఉండటానికి కలిపే రసాయనాలు ఉత్త నీళ్లు పోసేకొద్దీ పలచబడిపోతాయి. ఒకపక్క సున్నం, ఒకపక్క తుప్పు.

దారిలో తప్పనిసరై పోయాల్సి వస్తే పోయండి, ఇంజిన్ కాలిపోవడం కంటే నయం. ఇంటికొచ్చాక అదంతా తీసేయండి. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. ఆర్వో ప్లాంట్ నీళ్లు బోరు కంటే మేలే, కానీ వాటిలో కూడా కొంత లవణం ఉంటుంది.

గుండ్లకమ్మ (ఒంగోలు)

ఇప్పుడు ఈ కోర్‌ని శుభ్రం చేయడం ఎలా? ఇక్కడ ఒకాయన కంప్రెసర్ గాలితో ఊదేద్దాం అంటున్నాడు. ఇంకొకరు బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే సున్నం కరిగిపోతుందంటున్నారు.

రెంచి_నెల్లూరు (నెల్లూరు)

రెండూ వద్దు. గట్టిగా చెప్తున్నా, రెండూ వద్దు.

బాత్‌రూమ్ యాసిడ్ సున్నాన్నీ కరిగిస్తుంది, అల్యూమినియం కోర్‌నీ తినేస్తుంది. కంప్రెసర్ గాలి ఒక్కసారి కొడితే పాతబడిన కోర్ డ్యాష్‌బోర్డు లోపల పగులుతుంది. అప్పుడు కాళ్ల దగ్గర కార్పెట్ తడి, తీపి వాసన, అద్దం మీద జిడ్డు ఆవిరి. ఆ తర్వాత నిజంగానే డ్యాష్‌బోర్డు దించాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, రేకు గోడ దగ్గర ఆ రెండు పైపులూ ఊడదీయాలి. నీళ్లు బయటికి వచ్చే గొట్టంలోకి మామూలు తోట పైపుతో, తక్కువ ధారతో నీళ్లు పంపాలి. అంటే మామూలుగా నీళ్లు తిరిగే దిక్కుకి ఎదురుగా. మడ్డి చిక్కుకున్న దారినే వెనక్కి వస్తుంది. తేట నీళ్లు వచ్చేదాకా దిక్కు మార్చి మార్చి పంపాలి. చివర్లో డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి, బోరు నీళ్లు లోపల మిగలకూడదు.

అలా కూడా ధార సన్నగానే ఉంటే నిమ్మ ఉప్పు గోరువెచ్చని నీళ్లలో పలచగా కలిపి, కోర్ ఒక్కదానిలోనే కొద్దిసేపు ఉంచి కడిగేయొచ్చు. రాత్రంతా ఉంచడం లాంటివి చేయొద్దు.

పలకల_ఊరు (మార్కాపురం)

నిమ్మ ఉప్పు విషయంలో నాకు అభ్యంతరం ఉంది రెంచి గారూ. కోర్ లోపల ఇప్పటికే తుప్పు తిని పలచబడి ఉంటే, ఆ పెచ్చే దానికి అడ్డుకట్టగా నిలబడి ఉండొచ్చు. పెచ్చు తీస్తే కారడం మొదలవుతుంది. నీళ్లతో వచ్చినంత రానిచ్చి, సరిపోకపోతేనే ఆలోచించాలి.

రెంచి_నెల్లూరు (నెల్లూరు)

మీరన్నది నిజమే, అలా కారినవి చూశాను. అందుకే ముందు నీళ్లు. వాటితో పని అయితే నిమ్మ ఉప్పు జోలికి పోవద్దు.

తమ్ముడూ, ఒక విషయం మర్చిపోకు. బయటికి తీసిన కూలెంట్‌ని వీధిలో, కాలువలో, చేలో పారబోయనివ్వకు. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. కుక్కలు, పశువులు నాకుతాయి, వాటి కిడ్నీలు పోతాయి. డబ్బాలో పట్టించి మూత పెట్టి, పాత ఆయిల్ సేకరించేవాళ్లు కూలెంట్ తీసుకుంటారేమో అడిగి ఇవ్వు. ఆయిల్‌లో మాత్రం కలపకు.

నిర్వాహకుడు

కూలెంట్ పారబోయడం గురించి రెంచి_నెల్లూరు గారు రాసినది దయచేసి అందరూ గమనించండి. ఈ థ్రెడ్‌ని ఏసీ విభాగంలో పైన పిన్ చేస్తున్నాం.

గుండ్లకమ్మ (ఒంగోలు)

పని అయింది. ఒక రేడియేటర్ మేస్త్రీ దగ్గర దగ్గరుండి చేయించాను. పైపులు ఊడదీసి ఎదురు దిక్కున నీళ్లు పెట్టగానే ముందు టీ డికాషన్ రంగు, తర్వాత చిక్కటి గోధుమరంగు బురద, అందులో తెల్లటి పెచ్చుల ముక్కలు. బకెట్ అడుగున చేత్తో తడిమితే ఇసుకలా గరగరలాడింది. మొదట్లో చిటికెనవేలంత సన్నగా వచ్చిన ధార చివరికి పైపు నిండుగా వచ్చింది. నిమ్మ ఉప్పు అవసరం పడలేదు.

రేడియేటర్, ఇంజిన్ కూడా ఖాళీ చేసి, బండి మాన్యువల్‌లో రాసిన రకం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి నింపాం. షాపులో ‘రంగు ఒకటే కదా, ఏదైనా ఒకటే’ అన్నారు గానీ నేను మాన్యువల్‌లో ఉన్నదే అడిగి తెప్పించాను.

నీళ్లు ఎందుకు తగ్గాయో కూడా మేస్త్రీ వదల్లేదు. చేతి పంపుతో ప్రెషర్ పెట్టి చూస్తే, గోడ దగ్గర ఒక పైపు క్లిప్పు కింద ఒక్కో చుక్క ఊరుతోంది. చుక్క ఆరిపోయిన చోట తెల్లటి చార. క్లిప్పు మార్చాం.

కావలి_సర్క్యూట్ (కావలి)

గాలి పూర్తిగా తీశారా? చాలా బండ్లలో హీటర్ కోర్ ఎత్తులో ఉంటుంది, గాలి బుడగ అక్కడే చేరుతుంది. డ్యాష్‌బోర్డు వెనక గలగలమని నీళ్ల చప్పుడు వస్తే ఇంకా గాలి ఉన్నట్టే. గాలి మిగిలితే మళ్లీ పాత కథే, ఒకవైపు చల్లగా వస్తుంది.

గుండ్లకమ్మ (ఒంగోలు)

తీశాం. బండి ముందు చక్రాలు ర్యాంప్ మీద ఎక్కించి, రెండువైపులా ‘హై’ పెట్టి, నెమ్మదిగా నింపుతూ, గాలి స్క్రూ దగ్గర బుడగలు ఆగేదాకా చూశాం. రేడియేటర్ ఫ్యాన్ తిరిగి ఆగేదాకా ఇంజిన్ నడిపి, పూర్తిగా చల్లారాక మళ్లీ నింపాం. గలగల లేదు.

కొత్త అంకెలు, ఐడిల్‌లో ‘హై’: ఎడమ 58, కుడి 55. పైపులు 83, 70. ‘లో’లో మునుపటిలాగే 8, 8. అన్నీ కలిపి ఖర్చు ఆ 38 వేలల్లో పదో వంతు కూడా కాలేదు.

ఎడమ, కుడి మధ్య ఇంకా మూడు డిగ్రీల తేడా ఉంది. దీని గురించి ఆలోచించాలా అన్నా?

రెంచి_నెల్లూరు (నెల్లూరు)

అక్కర్లేదు. కోర్‌లో నీళ్లు ప్రయాణిస్తూ ఎంతో కొంత చల్లారక తప్పదు, ఆ మాత్రం తేడా సహజం. ఆటోలో పెడితే తలుపులే సర్దుకుంటాయి. ఇప్పుడు చూసుకోవాల్సింది కూలెంట్ మట్టం. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డబ్బా మీద స్కెచ్ పెన్‌తో గీత గీసి పెట్టుకో. తగ్గుతోందంటే ఇంకెక్కడో కారుతున్నట్టు. కొన్నాళ్లకు రంగు మళ్లీ మారితే మిగిలిన మడ్డి ఊడుతోందని అర్థం, అప్పుడు ఇంకోసారి మార్చేయాలి.

వేదాయపాళెం_లెక్చరర్ (నెల్లూరు)

నాదీ తేలింది. మెషిన్ ఉన్న చోటికి వెళ్లి గ్యాస్ లాగించాను. స్టిక్కర్ మీద 520 గ్రాములు, బయటికి వచ్చింది 310. మెరిసే డై వేసి నల్లకళ్లద్దాల లాంటివి పెట్టుకుని నీలి లైటు వేస్తే, కండెన్సర్ ఎడమ కింది మూలలో పచ్చగా వెలిగింది. మైపాడు_అల గారు చెప్పిన చోటే. కండెన్సర్ మార్చి, వాక్యూమ్ పెట్టి, తూచి నింపారు. ‘లో’లో ఇప్పుడు ఎడమ 7, కుడి 8.

పడుగుపాడు_రైడర్ (కోవూరు)

అందరి పోస్టులూ చదివాను, చాలా ఉపయోగం. నా బండిలో రెండువైపులా గాలి సమానమే, కానీ స్టార్ట్ చేయగానే గ్లవ్ బాక్స్ వెనక టకటక అని కాసేపు కొట్టుకుని ఆగిపోతుంది. ఇదీ అదేనా?

కావలి_సర్క్యూట్ (కావలి)

అది యాక్చువేటర్ పళ్లచక్రమే అయ్యుంటుంది. స్టార్ట్ చేయగానే అది చివరలు వెతుక్కుంటుంది, విరిగిన పన్ను దగ్గర జారుతుంది. గ్లవ్ బాక్స్ వెనక ఉండేవాటిలో ఒకటి ఎడమ బ్లెండ్ డోర్‌ది, ఇంకొకటి బయటి గాలి, లోపలి గాలి మార్చే తలుపుది. మీకు వేడి, చలువ సమానంగా ఉన్నాయి కాబట్టి ముందు రెండోదాన్ని అనుమానించండి. గ్లవ్ బాక్స్ తీసి, లోపలి గాలి బటన్ నొక్కుతూ ఏది కొట్టుకుంటుందో వేలు ఆనించి చూడండి. మార్చేటప్పుడు అదే పార్ట్ నంబర్ తీసుకోండి, ఆ ఒక్కటే మార్చండి.